హెర్ట్సెలైట్: జర్మన్ రానివాడి చెవికి

నాకు జర్మన్ రాదు. మహా అయితే ఓ పదిహేను పదాలు తెలుసు. బూడిద, నావికుడు, మంట, మాంసం, "నన్ను పెళ్ళి చేసుకో". వీటితో బెర్లిన్‌లో టీ కూడా కొనుక్కోలేను. ఇవన్నీ ఒకే ఆల్బమ్ నుంచి వచ్చినవి: రామ్‌స్టైన్ అనే బ్యాండ్ 1995 సెప్టెంబర్‌లో విడుదల చేసిన మొదటి ఆల్బమ్, హెర్ట్సెలైట్. ఆ మాటకి అర్థం గుండెకోత.

లిటరరీ క్లబ్ పత్రికలో మెటల్ ఆల్బమ్ గురించి ఎందుకు అంటారా? మన హాస్టల్లో గిటార్ కనిపించిన ప్రతిసారీ ఒక డైలాగ్ వినపడుతుంది: "తెలుగులో రాక్ సెట్ అవ్వదు రా, ఇంగ్లీష్‌లోనే బాగుంటుంది." పదో తరగతి దాకా స్కూల్లో తెలుగు మాట్లాడితే ఫైన్ కట్టిన బ్యాచ్ మనది, ఆ మాట అనడం మనకి తేలికే. తొంభైల జర్మనీలోనూ చాలామంది రాక్ వాళ్ళు సరిగ్గా ఇదే అనుకున్నారు. ఈ ఆరుగురు సొంత భాషలో పాడి దాన్ని తిప్పికొట్టారు. ఎలా కొట్టారన్నదే నాకు ఆసక్తి.

ముందు వీళ్ళెవరో చెప్పాలి. ఆరుగురూ తూర్పు జర్మనీలో పెరిగినవాళ్ళు. గాయకుడు టిల్ లిండెమన్ చిన్నప్పుడు ఈతగాడు, యూరప్ జూనియర్ పోటీల దాకా వెళ్ళాడు. తర్వాత బుట్టలల్లే పని చేశాడు. వాళ్ళ నాన్న వెర్నర్ లిండెమన్ పిల్లల కోసం కవితలు రాసిన కవి. కీబోర్డ్ వాయించే ఫ్లాకె, గిటారిస్ట్ పాల్ లాండర్స్, డ్రమ్మర్ క్రిస్టోఫ్ ష్నైడర్ ముగ్గురూ ఫీలింగ్ బీ అనే పంక్ బ్యాండ్ నుంచి వచ్చారు. అక్కడ పంక్ వాయించడం కూడా సర్కారీ వ్యవహారమే. స్టేజీ ఎక్కాలంటే ఒక కమిటీ ముందు వాయించి, గ్రేడ్ తెచ్చుకుని, అనుమతి పత్రం పొందాలి. వేదిక మీద వినిపించే పాటల్లో నూటికి అరవై సోషలిస్ట్ దేశాలవే ఉండాలని రూల్. మన ల్యాబ్ ఎక్స్‌టర్నల్ వైవా పాస్ అయితేనే రాక్‌స్టార్ అవ్వొచ్చు అన్నట్టు.

స్కూల్లో వాళ్ళకి తప్పనిసరి విదేశీ భాష రష్యన్. ఇంగ్లీష్ కాదు.

ఇంకో గిటారిస్ట్ రిచర్డ్ క్రుస్పె 1989లో గోడ కూలడానికి కొంచెం ముందే దేశం దాటి పశ్చిమ బెర్లిన్ చేరాడు. అక్కడ అమెరికన్ పద్ధతిలో, ఇంగ్లీష్‌లో పాడే బ్యాండ్ నడిపాడు. తర్వాత అమెరికా వెళ్ళి చూసొచ్చాక, అమెరికా సంగీతాన్ని అమెరికా వాళ్ళకంటే బాగా మనం చేయలేం, మన భాషకి సరిపడే సంగీతం వెతుక్కోవాలి అనే నిర్ణయానికి వచ్చాడు. 1994లో బ్యాండ్ మొదలైంది. బెర్లిన్ నగర ప్రభుత్వం కొత్త బ్యాండ్లకి పెట్టిన పోటీలో గెలిచి, ఆ బహుమతిగా దొరికిన స్టూడియో టైమ్‌లో నాలుగు పాటల డెమో చేసుకున్నారు. కాంట్రాక్ట్ వచ్చాక స్వీడన్ ప్రొడ్యూసర్ జేకబ్ హెల్నర్‌తో స్టాక్‌హోమ్‌లో ఆల్బమ్ రికార్డ్ చేశారు.

ఇక సౌండ్. ఇండస్ట్రియల్ అంటే ఏంటి? 1976లో థ్రాబింగ్ గ్రిజిల్ అనే బ్రిటిష్ బృందం తన రికార్డు కంపెనీకి ఇండస్ట్రియల్ రికార్డ్స్ అని పేరు పెట్టుకుంది. పేరు అక్కడి నుంచే. 1980లో పశ్చిమ బెర్లిన్‌లో పుట్టిన ఇంకో బృందం డ్రిల్లింగ్ మెషీన్లు, ఇనప రేకులు, పాతసామాన్ల కొట్టులో దొరికే సరుకు స్టేజీ మీద వాయించింది. దాని పేరుకి అర్థం "కూలుతున్న కొత్త భవనాలు". తర్వాత అమెరికాలో మినిస్ట్రీ, నైన్ ఇంచ్ నెయిల్స్ ఈ ఫ్యాక్టరీ చప్పుడుకి మెటల్ గిటార్ కలిపారు. రామ్‌స్టైన్ ఈ వరసలో ఆలస్యంగా వచ్చినవాళ్ళే. స్లొవేనియా బ్యాండ్ లైబాఖ్‌ని విన్నవాళ్ళకి ఆ బరువైన గొంతు, కవాతు నడక కొత్తేమీ కాదు.

కొత్తదనం సింపుల్‌గా ఉండటంలో ఉంది. మామూలు మెటల్‌లో గిటార్ పరుగులు తీస్తుంది, సోలోలు ఉంటాయి, డ్రమ్మర్‌కి నాలుగు చేతులున్నాయా అనిపిస్తుంది. హెర్ట్సెలైట్‌లో అవేవీ లేవు. రెండు గిటార్లూ చాలాసార్లు ఒకే రిఫ్ వాయిస్తాయి, కాబట్టి వినపడేది ఒకే మందపాటి గోడ. డ్రమ్స్ మెట్రోనోమ్‌కి అతుక్కుని నడుస్తాయి. కింద కీబోర్డ్ లూప్ తిరుగుతూ ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే అన్నీ గ్రిడ్‌కి స్నాప్ అయి ఉంటాయి, ఒక్క మిల్లీసెకను కూడా ఎవడూ జరగడు. వాళ్ళు దీన్ని "డాన్స్ మెటల్" అని పిలుచుకున్నారు. నిజమే, తల ఊపడం కంటే కాలు ఆడించడం ఎక్కువ వస్తుంది.

భాష సంగతి ఇక్కడే పట్టుకోవాలి. జర్మన్ పదాల్లో ఊనిక సాధారణంగా మొదటి అక్షరం మీదే పడుతుంది. పదం చాలాసార్లు గట్టి హల్లుతో ఆగుతుంది. ఆఖర్లో "ద్" రాసినా "త్" అని పలుకుతారు. అందుకే స్పెల్లింగ్ చూసి హెర్ట్సెలైడ్ అనబోయేది హెర్ట్సెలైట్ అవుతుంది. మొదట్లో సుత్తి దెబ్బ, చివర్లో బ్రేక్. గ్రిడ్ మీద నడిచే రిఫ్‌కి ఇంతకంటే ఏం కావాలి? లిండెమన్ పొడుగు రాగాలు తీయడు. ఒక్కో పదాన్ని బీట్ మీద పెట్టి, కాసేపు ఆగి, ఇంకోటి పెడతాడు. ఆ ఖాళీ కూడా డ్రమ్ లాగే పని చేస్తుంది.

తెలుగుని ఇదే మూసలో పోస్తే జారిపోతుంది. మనది అజంత భాష, మాట అచ్చుతో ముగుస్తుంది, దాని తోక పక్క మాటకి తగులుతుంది. "సెట్ అవ్వదు" అనేవాళ్ళు నిజానికి వింటున్నది ఈ జారుడునే. కానీ మనకి దెబ్బ పదం చివర కాదు, నడుమ ఉంటుంది: కొట్టు, గుద్దు, బద్దలు, నిప్పు. ఆ ద్విత్వం దగ్గర నోరు క్షణం పాటు మూసుకుంటుంది చూడండి, బీట్ అక్కడ పడాలి. అంటే ఇంగ్లీష్ రిఫ్ తెచ్చి దాని మీద తెలుగు మాటలు అతికించడం కాకుండా, మాట ఎక్కడ ఆగుతుందో చూసి రిఫ్ కట్టుకోవాలి. బుర్రకథ గుమ్మెట విన్న ఎవరికైనా ఇది చెప్పక్కర్లేదు.

రామ్‌స్టైన్ వినగానే జర్మన్లకి మొదట తగిలేది లిండెమన్ "ర". మనకి ఇది అస్సలు అర్థం కాదు, ఎందుకంటే ఆయన పలికేది మన మామూలు ర, నాలుక కొసతో పలికేది. కాకపోతే ఇంకొంచెం దొర్లిస్తాడు. ఇవాళ్టి ప్రామాణిక జర్మన్‌లో మాత్రం ర గొంతు వెనక నుంచి వస్తుంది. నాలుక కొసతో దొర్లించే ర బవేరియా లాంటి చోట్ల మిగిలింది, దానితో పాటు పాతకాలపు నాటకాల ఉచ్చారణలో ఉండేది. మన పద్యనాటకంలో కృష్ణుడు మాట్లాడినట్టు పక్కింటాయన మాట్లాడడు కదా, అలాంటి తేడా. అంతవరకే అయితే సరదా. కానీ ఆ ర హిట్లర్ ఉపన్యాసాల రికార్డింగుల్లో కూడా ఉంది. 1995లో జర్మన్ శ్రోతకి ఈ గొంతు వినగానే వీపు మీద చల్లగా పాకేది అదే. మనం వినేది బేస్ వాయిస్, వాళ్ళు వినేది తాతల కాలం.

ఆల్బమ్‌లో దీన్ని కావాలని వాడుకున్న పాట హైరాటె మిష్. టైటిల్‌కి అర్థం "నన్ను పెళ్ళి చేసుకో". చనిపోయిన ప్రియురాలిని మర్చిపోలేక రాత్రి శ్మశానానికి వెళ్ళి సమాధి తవ్వేవాడి కథ. కోరస్‌కి ముందు పదంలోని మొదటి అక్షరం "హై" ఒక్కటే విడదీసి, గుంపు అరుస్తున్నట్టు పదేపదే వస్తుంది. జర్మనీలో "హై" తర్వాత ఒక ల్ చేరితే ఏమవుతుందో ఆ దేశంలో నాజీల కాలపు పెద్ద సభ వీడియో ఏది చూసినా తెలుస్తుంది. ఆ ల్ రాదు. బదులుగా పెళ్ళి ప్రస్తావన వస్తుంది. శ్రోత బుర్ర తనంతట తానే తప్పుడు మాట పూరించుకుని, తర్వాత సిగ్గుపడుతుంది. రెండో ఆల్బమ్‌లోని డు హాస్ట్ కూడా ఇదే ట్రిక్. పాట పేరు చెవికి "నువ్వు ద్వేషిస్తావు" అన్నట్టు ఉంటుంది, వాక్యం చివర అసలు క్రియ వచ్చేదాకా సంగతి తేలదు. క్రియ కోసం చివరిదాకా ఆగడం తెలుగువాళ్ళకి పుట్టుకతో వచ్చిన ఓపిక, కాబట్టి ఈ జోకు ఇంగ్లీష్ వాళ్ళకంటే మనకే బాగా అర్థమవ్వాలి.

నిప్పుతో ఆడితే పొగ వస్తుంది. ఆల్బమ్ కవర్ మీద ఆరుగురూ చొక్కాల్లేకుండా, నూనె మెరుపుతో, పెద్ద పువ్వు ముందు నిలబడ్డారు. "శ్రేష్ఠ జాతి" పోస్టర్ లాగా ఉందని పత్రికలు దులిపేశాయి. విదేశాల్లో అమ్మిన కాపీలకి కవర్ మార్చి మొహాలు మాత్రమే పెట్టారు. 1998లో ఒక వీడియోలో నాజీల కాలపు డైరెక్టర్ లేనీ రీఫెన్‌ష్టాల్ తీసిన ఒలింపిక్స్ దృశ్యాలు వాడినప్పుడు గొడవ ఇంకా పెరిగింది. 2001లో తమ గుండె ఎడమవైపే కొట్టుకుంటుందని ఒక పాటే కట్టి జవాబిచ్చారు. నా ఉద్దేశంలో వాళ్ళు నాజీలు కాదు, కానీ పూర్తి అమాయకులూ కాదు. ఆ అనుమానం తమకి టికెట్లు అమ్మిపెడుతుందని వాళ్ళకి బాగా తెలుసు.

బ్యాండ్ పేరు వెనక కూడా ఒక గాయం ఉంది. 1988 ఆగస్టు 28న పశ్చిమ జర్మనీలోని రామ్‌స్టైన్ అమెరికన్ వైమానిక స్థావరంలో ఎయిర్ షో జరుగుతుండగా ఇటలీ బృందం విమానాలు మూడు గాల్లో ఢీకొన్నాయి. ఒకటి మండుతూ జనం మీద పడింది. 70 మంది చనిపోయారు, వందలమంది గాయపడ్డారు. ఊరి పేరులో ఒక "మ్" ఉంటే బ్యాండ్ పేరులో రెండు. ఆ అదనపు అక్షరంతో మాటకి గుద్దే రాయి అనే అర్థం వస్తుంది, నేల చదును చేసే దిమ్మిస లాంటిది అనుకోండి. ఆల్బమ్ ఆఖరి పాట పేరు కూడా ఇదే. చిన్న చిన్న వాక్యాలు, ఒక్కోటి ఒక్కో ఫొటో లాగా: మనిషి, మంట, పిల్లలు, పైన ఎండ. జాలి చూపే మాట ఒక్కటీ లేదు. అందుకే భరించడం కష్టం. స్టేజీ మీద ఈ పాటకి లిండెమన్ మండుతున్న కోటు వేసుకుని పాడేవాడు. 1996లో బెర్లిన్ షోలో మండుతున్న సామగ్రి స్టేజీ మీద కూలాక నిప్పు పని శిక్షణ ఉన్నవాళ్ళ చేతికి వెళ్ళింది, లిండెమన్ కూడా లైసెన్స్ తెచ్చుకున్నాడు.

అన్ని పాటలూ ఈ స్థాయిలో లేవు. పదకొండింటిలో రెండు మూడు నాకు ఊరికే షాక్ కోసం రాసినట్టే ఉంటాయి. వైసెస్ ఫ్లైష్ అనే పాటలో అమ్మాయిని వేటాడేవాడే కథకుడు. దుర్మార్గుడి నోట కథ చెప్పించడం సాహిత్యంలో పాత పద్ధతే. డు రీష్ట్ జో గూట్ పాటకి పాట్రిక్ జ్యూస్కింట్ నవల "పెర్ఫ్యూమ్" ఆధారం, అక్కడ ఆ పద్ధతి పనిచేసింది, ఎందుకంటే వాసన అనే ఒక్క వస్తువు మీద పాట నిలబడుతుంది. వైసెస్ ఫ్లైష్‌లో అలాంటి ఆధారం ఏమీ దొరకదు. పైగా 2023లో కొందరు మహిళలు షోల తర్వాత పార్టీలకి అమ్మాయిలను తీసుకెళ్ళే తీరు మీద, లిండెమన్ మీద బహిరంగంగా ఆరోపణలు చేశారు. ఆయన కాదన్నాడు, బెర్లిన్ ప్రాసిక్యూటర్లు అభియోగం మోపకుండా అదే ఏడాది ఆగస్టులో విచారణ మూసేశారు. చట్టం వరకు అంతే. కానీ "అది పాత్ర, మనిషి కాదు" అనే వాదన ముందంత సులువుగా నా నోట రావట్లేదు. ఆ పాట వస్తే స్కిప్ కొడతాను.

భాష పందెం మాత్రం వాళ్ళే గెలిచారు. డేవిడ్ లించ్ 1997 సినిమా లాస్ట్ హైవేలో ఈ ఆల్బమ్ నుంచి రెండు పాటలు వాడుకున్నాడు, హైరాటె మిష్, రామ్‌స్టైన్. అమెరికా చెవిన పడింది అలాగే. అదే ఏడాది వచ్చిన రెండో ఆల్బమ్ అమెరికాలో పది లక్షలు దాటింది. మధ్యలో వాళ్ళూ ఒకసారి తడబడి డు హాస్ట్‌కి ఇంగ్లీష్ వెర్షన్ చేశారు. వినండి, యూట్యూబ్‌లో ఉంది. అర్థం పూర్తిగా తెలుస్తుంది, పన్ చచ్చిపోయింది. జనం గుర్తుపెట్టుకున్నది, గ్రామీ నామినేషన్ దాకా వెళ్ళింది జర్మన్ పాటే.

వినాలనుకుంటే మొదటి ట్రాక్ నుంచి కాదు, ఐదోదైన జేమన్‌తో మొదలుపెట్టండి. నావికుడి పాట, నెమ్మదిగా బేస్ గిటార్ మీద నడుస్తుంది, ఇదే మనిషి ఇంత మెత్తగా పాడగలడా అనిపిస్తుంది. తర్వాత ఆరోది, ఎనిమిదోది, చివర్న పదకొండోది. లిరిక్స్ ట్రాన్స్‌లేషన్ మొదటిసారి చూడకండి, రెండోసారి చూడండి. స్పీకర్లో పెడితే రూమ్మేట్ కంప్లయింట్ చేస్తాడు, హెడ్‌ఫోన్స్ తీసుకోండి.