బ్రాంప్టన్ బాకీ

కెనడాలో టొరంటోకు వాయవ్యంగా, విమానాశ్రయం పక్కనే ఉన్న శివారు ప్రాంతానికి ఒంటారియో శాసనసభలో 1999 నుంచి 2018 దాకా ఒక సీటు ఉండేది. పేరు బ్రామలీ–గోర్–మాల్టన్. మొదట్లో చివర స్ప్రింగ్‌డేల్ అని కూడా తగిలించేవారు. అది చూసిన సాధారణ ఎన్నికలు ఐదు. 1999లో ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్ (పీసీ) అభ్యర్థి రమీందర్ గిల్ గెలిచారు. 2003లోనూ 2007లోనూ లిబరల్ పార్టీ నుంచి కుల్దీప్ కులార్, 2011లోనూ 2014లోనూ న్యూ డెమోక్రటిక్ పార్టీ (ఎన్డీపీ) నుంచి జగ్మీత్ సింగ్ గెలిచారు. ముగ్గురూ పంజాబీలే. దాంతో ఇదంతా పంజాబీ ఓటు బ్యాంకు మహిమ అనే వివరణ స్థిరపడిపోయింది. ఎన్నికల ఫలితం రాగానే కులాల లెక్క తీసే మనకు ఆ మాట ఇట్టే రుచిస్తుంది. కానీ ఓటు బ్యాంకే అయితే ఐదు ఎన్నికల్లో మూడు పార్టీల చేతులు ఎందుకు మారింది? ఈ సీటు చరిత్రనూ, అందులో ఎక్కువ భాగం ఉన్న బ్రాంప్టన్ నగరం చరిత్రనూ వరసగా చూస్తే కనిపించేది బాకీ లెక్క. ఇళ్లు ముందు లేస్తాయి, రోడ్డూ ఆస్పత్రీ ఏళ్లు గడిచాక వస్తాయి. ఆ బాకీ వసూలు చేసి పెడతామని నమ్మకంగా చెప్పినవాళ్ల వైపు ఓటు నడుస్తుంది.

బాకీ ఎంత వేగంగా పెరిగిందో జనాభా చెబుతుంది. బ్రామలీ 1950ల చివర్లో పొలాల మధ్య ప్రణాళిక వేసి కట్టడం మొదలుపెట్టిన పట్టణం. 1974లో చుట్టుపక్కల టౌన్‌షిప్పులను కలిపి బ్రాంప్టన్‌ను నగరంగా మార్చారు. 2001 నాటికి అక్కడ 3.25 లక్షల మంది ఉంటే, ఇరవై ఏళ్లలో ఆ సంఖ్య 6.56 లక్షలకు చేరింది. అందులో సగానికి పైగా దక్షిణాసియా మూలాలవాళ్లు. 1985కు ముందు ఇది పీసీల కోట. 1971 నుంచి 1985 దాకా ప్రావిన్స్ ప్రీమియర్‌గా ఉన్న బిల్ డేవిస్ సొంత ఊరు బ్రాంప్టనే. ఒంటారియోలో పీసీలు 42 ఏళ్లు ఏకధాటిగా పాలించిన కాలం ఆయన దిగిపోయిన కొన్ని నెలలకే ముగిసింది. ఆయన తప్పుకున్న 1985లోనే బ్రాంప్టన్ సీటు లిబరల్ అయిన బాబ్ కల్లహన్ చేతికి పోయింది. కోట అనుకున్నదానిలో పార్టీ వాటా ఎంతో, సొంత ఊరి పెద్దమనిషి వాటా ఎంతో అప్పుడు తేలింది.

శివారు సీట్లు గాలివాటం సీట్లు, ప్రావిన్స్ ఎటు ఊగితే అవీ అటే ఊగుతాయి అనేది ఇంకో వివరణ. దీనిలో కొంత నిజముంది. 1995లో పీసీ నాయకుడు మైక్ హారిస్ గాలిలో బ్రాంప్టన్ రెండు సీట్లూ పీసీలకు వెళ్లాయి, 2003లో లిబరల్ గాలికి పీసీలు అక్కడ తుడిచిపెట్టుకుపోయారు. అయితే 1990లో బాబ్ రే నాయకత్వాన ఎన్డీపీ చరిత్రలో తొలిసారి ఒంటారియోలో అధికారంలోకి వచ్చినప్పుడు బ్రాంప్టన్ రెండు సీట్లూ లిబరల్స్‌తోనే ఉండిపోయాయి. లిబరల్ ప్రభుత్వం కొనసాగిన 2011, 2014ల్లో మన సీటు ఎన్డీపీకి వెళ్లింది. గాలి ఒక్కటే అయితే ఇలా ఎదురీదదు. 2003 ఫలితం ఇంకా ఆసక్తికరం. ఆ రోజు ఓడిన బ్రాంప్టన్ నాయకుల్లో టోనీ క్లెమెంట్ ఒకరు. ఆయన సాక్షాత్తూ ఆరోగ్య మంత్రి. ఊరికి కొత్త ఆస్పత్రి ఇంకా కాగితాల మీదే ఉంది. దాన్ని ప్రైవేటు భాగస్వామ్యంతో కట్టడాన్ని విమర్శించిన లిబరల్స్ గెలిచి, కొద్ది మార్పులతో దాదాపు అదే పద్ధతిలో కట్టించారు. బ్రాంప్టన్ సివిక్ ఆస్పత్రి 2007 అక్టోబరులో తెరుచుకుంది. పాత పీల్ మెమోరియల్ మూతపడింది. అంటే ఒక బాకీ తీరుస్తూ ఇంకోటి మొదలైంది.

ఓటు బ్యాంకు వాదానికి గట్టి జవాబు సరిహద్దుల్లోనే ఉంది. 1999 నుంచి ఒంటారియో తన దక్షిణ భాగపు నియోజకవర్గాలకు ఫెడరల్ పార్లమెంటు సీట్ల హద్దులనే తీసుకుంది. కాబట్టి దాదాపు అవే ఇళ్లు, అదే మ్యాపు, ఓట్లు మాత్రం రెండు చట్టసభలకు. 1999లో ప్రావిన్స్‌కు పీసీని ఎన్నుకున్న అదే జనం, 2000లో ఫెడరల్ రాజధాని ఒట్టావాకు లిబరల్ గుర్బక్ష్ మల్హీని మళ్లీ పంపారు. 2011 మే ఫెడరల్ ఎన్నికలో మల్హీని ఓడించి కన్సర్వేటివ్ బాల్ గోసల్‌ను గెలిపించారు. రెండో స్థానంలో ఎన్డీపీ జగ్మీత్ సింగ్, తేడా 539 ఓట్లు. ముగ్గురూ సిక్కులే. ఐదు నెలలు గడవగానే అక్టోబరులో ప్రావిన్స్ ఎన్నికలో జగ్మీత్ రెండు వేల పైచిలుకు మెజారిటీతో నెగ్గారు. ప్రధాన పార్టీల అభ్యర్థులంతా ఒకే సమాజం నుంచి వచ్చినప్పుడు సమాజం అనే కారణం కొట్టివేతకు పోతుంది. సమాజం బలం పనిచేసేది టికెట్ దగ్గర. పార్టీ సభ్యత్వాలు గుట్టలుగా చేర్పించగలిగినవాడే అభ్యర్థి అవుతాడు. అక్కడితో దాని పని చాలావరకు అయిపోతుంది.

మరి ఎన్డీపీ ఇక్కడ ఎలా పాతుకుంది? జగ్మీత్ వ్యక్తిగత ఆకర్షణ అంటారు చాలామంది. కాదనలేం. ఓడిన ఐదు నెలలకే గెలవడం చిన్న విషయం కాదు. కానీ ఆయన ఎత్తుకున్న అంశాల్లో పెద్దది కారు ఇన్సూరెన్స్. బ్రాంప్టన్ చిరునామా ఉంటే ఒంటారియోలోనే అత్యధిక ప్రీమియాల కోవలోకి పడతారు. కారు లేకుండా పాల ప్యాకెట్ కూడా తెచ్చుకోలేని ఊళ్లో ఇది జీతంలో కోతే. 2013లో మైనారిటీ లిబరల్ ప్రభుత్వం బడ్జెట్ నెగ్గించుకోవడానికి ప్రీమియాలు సగటున 15 శాతం తగ్గిస్తామని ఎన్డీపీకి మాటిచ్చింది. ఆ లక్ష్యం చేరలేదు. అయినా ఎవరి ఒత్తిడితో మాట వచ్చిందో జనానికి గుర్తుంది, 2014లో జగ్మీత్ మళ్లీ గెలిచారు. 2017లో ఆయన ఫెడరల్ నాయకుడయ్యాక, 2018 ఎన్నికకు పునర్విభజనలో ఆ సీటే మాయమైంది. దాని ముక్కలతో ఏర్పడిన వాటిలో ఒకటైన బ్రాంప్టన్ ఈస్ట్‌లో తమ్ముడు గుర్రతన్ సింగ్ గెలిచారు. బ్రాంప్టన్‌లోని ఐదు సీట్లలో మూడు ఎన్డీపీవి. నాలుగేళ్లకే, 2022లో, గుర్రతన్ సీటుతో సహా ఆ మూడూ చేజారి ఐదూ పీసీల ఖాతాలో పడ్డాయి. కుటుంబం పేరే గెలిపించేదైతే ఇంత తొందరగా చెల్లకుండా పోదు కదా.

ఆ మధ్యలో జరిగింది చూడాలి. 2017లో పీల్ మెమోరియల్ స్థలంలో కొత్త వైద్య కేంద్రం వచ్చింది, కానీ పూర్తిస్థాయి ఎమర్జెన్సీ లేదు. 2020 జనవరిలో నగర మండలి ఆరోగ్య అత్యవసర స్థితి ప్రకటించింది. ప్రతిపక్ష ఎమ్మెల్యేలు ఆ బాకీని గట్టిగానే అడిగారు, తీర్చే తాళం చెవి మాత్రం వాళ్ల దగ్గర లేదు. పీసీ ప్రీమియర్ డగ్ ఫోర్డ్ 2022 ఎన్నికల ముందు రెండో ఆస్పత్రి, వైద్య కళాశాల ప్రకటించారు, నంబరు ప్లేటు స్టిక్కర్ రుసుము ఎత్తేశారు, లిబరల్స్ రద్దు చేసిన 413 హైవేను తిరిగి తెచ్చారు. ఆ హైవే వ్యవసాయ భూముల మీదుగా వెళ్తుందని పర్యావరణవేత్తలు మొత్తుకున్నారు. కానీ ఈ ఊరి అంచునే ఉన్న 407 టోల్ రోడ్డును 1999లో ఇదే పార్టీ ప్రభుత్వం 310 కోట్ల డాలర్లకు 99 ఏళ్ల లీజుకు ఇచ్చేసింది. రోజూ టోల్ చెల్లించేవాళ్లకు టోల్ లేని రోడ్డు మాట వినసొంపుగానే ఉంటుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయమైనదే. 2022లో ఒంటారియో అంతటా పోలింగ్ సగానికి బాగా దిగువకు పడిపోయింది. బాకీ అంత మండిస్తే జనం పోలింగ్ బూత్‌కు ఎందుకు రాలేదు? నా ఉద్దేశంలో అది బాకీ లేదనడానికి రుజువు కాదు, అప్పుల వసూలుపై ఆశ వదిలేసినవాళ్లు ఇంట్లో ఉండిపోయారు. పైగా బ్రాంప్టన్‌లో ఓటు లేనివాళ్లు చాలామంది. పర్మనెంట్ రెసిడెంట్లు, వర్క్ పర్మిట్లవాళ్లు, తెలుగు పిల్లలూ కనిపించే విదేశీ విద్యార్థుల గుంపు, వీళ్లెవరికీ ఓటు లేదు. ఆస్పత్రి క్యూలో, బస్సులో వీళ్లూ ఉంటారు. సీట్ల హద్దులు గీసేటప్పుడు జనాభా లెక్కలో వీళ్లనూ చేరుస్తారు. తీర్పు ఇచ్చేది మాత్రం పౌరసత్వం ఉన్నవాళ్లు, అందులోనూ వచ్చి ఓటేసిన సగం కన్నా తక్కువ మంది.

2025లో పాత కథే కొత్తగా నడిచింది. ఫిబ్రవరి 27న ప్రావిన్స్ ఎన్నికలో ఐదు సీట్లూ మళ్లీ పీసీలవే. ఏప్రిల్ 28న ఫెడరల్ ఎన్నికలో బ్రాంప్టన్ ఆరు సీట్లలో ఐదు లిబరల్స్‌కు, ఒకటి కన్సర్వేటివ్‌లకు వెళ్లాయి. ఒట్టావా తన మ్యాపును 2021 జనగణన ప్రకారం సవరించి ఊరికి ఆరో సీటు ఇచ్చింది. ఒంటారియో ఆ సవరణను తీసుకోలేదు, 2011 జనగణన నాటి హద్దులతోనే ఎన్నిక జరిపింది. 2021 లెక్కన ప్రావిన్స్‌లో సగటు సీటుకు దాదాపు 1.15 లక్షల మంది ఉంటే, బ్రాంప్టన్ సీటుకు 1.31 లక్షల మంది. ఈసారి బాకీ పడ్డది ఆస్పత్రీ రోడ్డూ కాదు, శాసనసభలో కుర్చీ.