4.3 చవక ఎయిర్‌బ్రష్‌తో నమూనా భూభాగానికి రంగు వేయడం

ఈ విభాగం చదివిన తరవాత మీరు ఎయిర్‌బ్రష్ పనిచేసే తీరును వివరించగలుగుతారు. చవక పరికరాన్ని పరీక్షించి, అది మీ పనికి సరిపోతుందో లేదో నిర్ణయించగలుగుతారు.

4.3.1 నేపథ్యం

బొమ్మ సైనికులతో ఆడే యుద్ధక్రీడకు హెచ్.జి. వెల్స్ 1913లో ‘లిటిల్ వార్స్’ అనే నియమాల పుస్తకం ప్రచురించాడు. నేటి ఆటల్లో సుమారు 28 మిల్లీమీటర్ల ఎత్తు బొమ్మలు ఎక్కువగా వాడుతున్నారు. వాటి చుట్టూ ఉండే గుట్టలు, శిథిలమైన గోడలు చాలావరకు థర్మాకోల్ జాతికి చెందిన పాలీస్టైరీన్ పలకలతో చేసినవే. ఇక్కడే చిక్కు ఉంది. చాలా స్ప్రే డబ్బాల రంగుల్లోని ద్రావణులు ఈ పలకలను కరిగిస్తాయి. వారాల శ్రమ నిమిషాల్లో పాడవుతుంది. నీటి ఆధారిత ఆక్రిలిక్ రంగును ఎయిర్‌బ్రష్‌తో చల్లితే ఆ నష్టం ఉండదు.

4.3.2 పనిచేసే తీరు

కంప్రెసర్ నుంచి వచ్చే గాలి నాజిల్ కొన చుట్టూ వేగంగా పోతుంది. అక్కడ పీడనం తగ్గి, రంగు బయటకు లాగబడి సన్నని తుంపరగా మారుతుంది. ద్విచర్య రకంలో ట్రిగ్గర్ నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు వస్తాయి. చవక పరికరాల్లో తరచు కనిపించే లోపం సన్నని గీతల మీద పట్టు లేకపోవడం. భూభాగానికి కావలసింది మాత్రం వెడల్పైన, సమానమైన పూత. కాబట్టి ఆ లోపం ఇక్కడ పెద్దగా అడ్డు రాదు. 0.5 మి.మీ. నాజిల్ ఉంటే పని ఇంకా సులువు.

4.3.3 పరీక్షించే క్రమం

1. ముందుగా నీళ్లు మాత్రమే చల్లండి. గిన్నెలో బుడగలు వస్తే నాజిల్ వదులుగా ఉందని గాని, మూసుకుపోయిందని గాని అర్థం.
2. రంగును పాలంత పలచగా కలపండి. పీడనాన్ని చదరపు అంగుళానికి 20 పౌండ్ల దగ్గర మొదలుపెట్టండి.
3. కాగితం మీద చల్లండి. రంగు సాలెపురుగు కాళ్లలా పాకితే మరీ పలచన అయింది, లేదా మరీ దగ్గరగా పట్టుకున్నారు. గరుకు చుక్కలు పడితే రంగు చిక్కగా ఉంది, లేదా పీడనం చాలలేదు.
4. తరవాత పనికిరాని పలక ముక్క మీద 10–15 సెంటీమీటర్ల దూరం నుంచి పలచని పూతలు వేయండి. ఒక పూత ఆరాకే మరొకటి వేయాలి.

ఫలితం తృప్తికరంగా ఉంటేనే అసలు నమూనా ముట్టుకోండి.

4.3.4 పరిమితులు

రాళ్ల అంచులను మెరిపించడానికి పొడి కుంచె పూతే మేలు. రంగు మార్చిన ప్రతిసారీ నాజిల్, సూది కడగాలి; ఎండిన రంగు పరికరాన్ని త్వరగా పాడుచేస్తుంది. నీటి రంగు అయినా తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాబట్టి రెస్పిరేటర్ ధరించి, గాలి ఆడే చోట పనిచేయండి.

సారాంశం

భూభాగం రంగుల్లో పరికరం ధర కన్న రంగు పలచన, పీడనం, శుభ్రత ముఖ్యం.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. పాలీస్టైరీన్ నమూనాకు స్ప్రే డబ్బా ఎందుకు ప్రమాదకరం?
2. కాగితం మీద గరుకు చుక్కలు పడితే మీరు ఏమి సరిచేస్తారు?