సంకర విత్తనముల బలమునకు కారణములు, విత్తనము దాచుటవలని నష్టము

సంకర మొక్కజొన్న వేసి మంచి పంట తీసిన రైతు, అందలి పెద్ద కండెలను ఏరి మరుసటి యేటికి విత్తనముగా దాచుట కలదు. నాటు రకముల విషయమున పెద్దలనుండి వచ్చిన యీ పద్ధతి మంచిదే. సంకరపు పంట విషయమున మాత్రము నష్టకరము. రెండవ యేట పైరు ఎగుడుదిగుడుగా పెరుగును, పూత ఒక్కసారి రాదు, కండెలు చిన్నవగును. భూసారము తగ్గినదని రైతు తలంచును. నిజమైన కారణము విత్తనముయొక్క పుట్టుకయందే యున్నది.

1. సంకరమనగా నేమి?

ఒక మొక్క పుప్పొడిని దాని పీచుమీదనే వేసి కొన్ని తరములు పెంచినచో శుద్ధవంశ మేర్పడును. ఇట్టి మొక్కజొన్న మొక్కలు ఒకదాని నొకటి పోలియుండునుగాని, పొట్టివై, బలహీనములై, స్వల్పముగా ఫలించును. తగిన రెండు శుద్ధవంశములను కలిపినచో పుట్టు సంతానము తల్లిదండ్రులను మించి పెరుగును. ఇదియే సంకరబలము. పరసంపర్కమువలన పుట్టిన మొక్కలు సాధారణముగా బలమైనవని ఛార్లెస్ డార్విన్ 1876లో ప్రకటించిన గ్రంథమున చూపెను. అమెరికాలో జార్జి షల్ 1908లో మొక్కజొన్నయందు దీనిని విశదపరచెను. మన దేశమున 1957లో అఖిలభారత మొక్కజొన్న పథకము ప్రారంభమై, 1961లో మొదటి సంకరములు విడుదలయ్యెను. 1964లో సి.ఎస్.హెచ్.-1 అను సంకర జొన్న వచ్చెను.

2. బల మెట్లు కలుగును?

ప్రతి మొక్కకును జన్యువులు తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి, రెండేసి ప్రతులుగా వచ్చును. పూర్వము గ్రామలెక్కల ప్రతి యొకటి పట్వారీయొద్దను, ఒకటి తహసీలునందును ఉండెడి రీతిగా దీనిని భావింపవచ్చును. ఒక ప్రతిలో నొక పుటను చెదలు తిన్నను, రెండవది చూచి పని జరుపవచ్చును. శుద్ధవంశమున రెండు ప్రతులును ఒకే మూలమునకు నకళ్లగుటచే, చెడిన చోటు రెంటను ఒక్కటే; ఆ పని కుంటువడును. వేరు వంశములు కలిసినపుడు ఒకదాని లోపమును మరియొకటి కప్పును.

ఇంతియేగాక, కొన్ని జన్యువులయందు భిన్నమైన రెండు ప్రతులు కూడుటయే మేలు చేయును. టమాటాలో పూతకు సంబంధించిన యొక్క జన్యువు ఇట్లు దిగుబడి పెంచునని 2010లో కనుగొనబడెను.

3. జన్యువులపై ముద్రలు

లెక్కలోని అక్షరములు మారకున్నను, ఒక పుటకు మైనపు ముద్ర వేసినచో దానిని ఎవరును చదువలేరు. అట్లే జన్యువులపై మిథైల్ అను రసాయనపు గుర్తులుండును. ఇవియు, వీనితో సంబంధముగల సూక్ష్మమైన ఆర్.ఎన్.ఏ. తునుకలును ఏ జన్యువు ఎంత పనిచేయవలెనో నిర్ణయించుటలో పాల్గొనును. రెండు వంశములు కలిసినపుడు ఈ గుర్తులలో కొన్ని మారును. ఆవజాతికి చెందిన ఆరబిడాప్సిస్ అను చిన్నమొక్క సంకరములలో, రాత్రింబవళ్లను గుర్తించు జన్యువుల నడక ఇట్లు మారి, ఆకులలో పిండిపదార్థము హెచ్చుగా తయారగునని 2009లో తెలిసినది. సంకరబలమునకు కారణ మొక్కటి కాదు. పైవన్నియు పంటను బట్టి పాలుపంచుకొనును.

4. రెండవ యేట నష్టమేల?

సంకరపు కండెనుండి తీసిన విత్తనమున, తల్లిదండ్రులలో భేదముండిన ప్రతి జన్యువు విషయమునను, ఇంచుమించు సగము మొక్కలకు రెండు ప్రతులు మరల ఒకే విధమగును. మొదటి తరమున కప్పబడిన లోపములు బయటపడును. అధికముగా వచ్చిన బలములో సుమారు సగము పోవునని లెక్క. శుద్ధవంశములు 10 బస్తాలు, సంకరము 30 బస్తాలు పండునట్లు భావించినచో, దాచిన విత్తనము 20 బస్తాలు మాత్రమే పండును. విత్తనపు ఖర్చు మిగుల్చుకొనబోయి 10 బస్తాలు పోగొట్టుకొనుట యగును. పెద్ద కండెల నేరినంతమాత్రమున ఈ నష్టము తీరదు.

5. మరియొక జాగ్రత్త

అందరును ఒకే సంకరమును వేయుటయు క్షేమము కాదు. అమెరికాలో మగపూత తీయు శ్రమ తప్పించుటకై, పుప్పొడి రాని యొకే మూలమునుండి పుట్టిన తల్లివరుసలను విస్తారముగా వాడిరి. ఆ మూలమునకే తగులు ఆకుమాడు తెగులు 1970లో వ్యాపించి, దేశపు మొక్కజొన్న పంటలో సుమారు నూటికి 15 వంతులు నష్టమయ్యెను.

6. రైతులు చేయవలసినవి

సంకరము వేయువారు ఏటేట క్రొత్త విత్తనమునే కొనవలెను. సంచిపై చీటిని, రసీదును పంట యింటికి వచ్చువరకు భద్రపరచవలెను. విశాలమైన భూమిగలవారు రెండు మూడు రకములను పంచి వేయుట మంచిది. స్వంత విత్తనము దాచదలచినవారు సంకరములు గాని సూటిరకములనే వేయవలెను. వరివంటి స్వపరాగపు పంటలలో అట్టి రకములు ఏరి దాచినను తమ గుణమును నిలుపుకొనును. ఏ విత్తనము దాచదగినది, ఏది దాచరానిది అని విత్తుటకు ముందే విచారించు రైతునకు రెండవ యేట నష్టము కలుగదు.