చదువు మధ్యలో కాలేజీయే ‘వెళ్లిపో’ అంటే..? అమెరికాలో బలవంతపు విత్‌డ్రాయల్ రూల్స్ ఇవే.. మన విద్యార్థుల వీసా సంగతేంటి?

సెమిస్టర్ సగంలో ఉంది. నాలుగు రోజుల క్రితమే ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ అయ్యాడు. గదికి వచ్చి మెయిల్ ఓపెన్ చేస్తే డీన్ ఆఫీసు నుంచి ఓ లెటర్. ‘మీరు ప్రస్తుతం క్యాంపస్‌లో ఉండటం సురక్షితం కాదని భావిస్తున్నాం. సెలవు తీసుకోండి. లేదంటే యూనివర్సిటీయే మిమ్మల్ని విత్‌డ్రా చేస్తుంది’ అన్నది దాని సారాంశం. ఇది ఒక్క విద్యార్థి కథ కాదు. అమెరికా కాలేజీల్లో ఏళ్లుగా ఎంతోమందికి ఎదురైన పరిస్థితి. అదే ఓ తెలుగు విద్యార్థికి ఎదురైతే? చదువుతో పాటు వీసా, ఇంట్లో తీసుకున్న లోన్, అమ్మానాన్నలకు ఏం చెప్పాలన్న భయం.. అన్నీ ఒక్కసారే మీద పడతాయి.

2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారు. వీరిలో తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లినవాళ్లు పెద్ద సంఖ్యలోనే ఉంటారు. అందుకే ఈ రూల్స్ గురించి ముందే తెలుసుకోవడం అవసరం.

అసలు ఏంటీ బలవంతపు విత్‌డ్రాయల్?

విద్యార్థి తనంతట తాను సెలవు పెడితే అది వాలంటరీ లీవ్. అతడు వద్దంటున్నా కాలేజీయే పేరు తీసేస్తే అది ఇన్‌వాలంటరీ విత్‌డ్రాయల్. కొన్ని కాలేజీలు దీన్నే ఇన్‌వాలంటరీ లీవ్ అంటాయి. పేరు ఏదైనా ఫలితం దాదాపు ఒక్కటే. క్లాసులు ఆగిపోతాయి, హాస్టల్ గది ఖాళీ చేయాలి, మళ్లీ రావాలంటే కాలేజీ ఒప్పుకోవాలి.

ఇక్కడ రెండు దారులు ఉంటాయి. ఈ రెండింటికీ తేడా తెలియకపోతే చిక్కే.

మొదటిది క్రమశిక్షణ దారి. బెదిరింపులు, దాడి, వేధింపులు, కాపీ కొట్టడం లాంటి ఆరోపణలు వస్తే స్టూడెంట్ కండక్ట్ ఆఫీసు విచారణ చేస్తుంది. తప్పు తేలితే సస్పెన్షన్ లేదా ఎక్స్‌పల్షన్.

రెండోది ఆరోగ్య దారి. ఇక్కడ తప్పు చేశాడన్న ఆరోపణ ఉండదు. ‘ఈ విద్యార్థి వల్ల ఇతరులకు ప్రమాదం ఉంది’ అనో, ‘ఇక్కడ ఉండి చదివే స్థితిలో లేడు’ అనో కాలేజీ భావిస్తుంది. సూత్రప్రాయంగా ఇది శిక్ష కాదు. కానీ బ్యాగ్ సర్దుకుని గది ఖాళీ చేసే విద్యార్థికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ప్రాసెస్ ఎలా నడుస్తుంది?

కాలేజీని బట్టి పద్ధతి మారుతుంది. కానీ చాలాచోట్ల వరుస ఇలా ఉంటుంది. ముందుగా ప్రొఫెసరో, రూమ్మేటో, హాస్టల్ సిబ్బందో ఒక రిపోర్ట్ ఇస్తారు. డీన్ ఆఫీసు, కౌన్సెలింగ్ సెంటర్, క్యాంపస్ పోలీసు ప్రతినిధులతో కూడిన టీమ్ దాన్ని పరిశీలిస్తుంది. విద్యార్థిని పిలిచి మాట్లాడుతుంది. అవసరమైతే డాక్టర్ లేదా సైకాలజిస్ట్ దగ్గర పరీక్ష చేయించుకోమంటుంది. ఆ తర్వాత డీన్ స్థాయి అధికారి నిర్ణయం తీసుకుంటారు. దానిపై అప్పీల్ చేసుకునే వీలు ఉంటుంది.

పరిస్థితి అత్యవసరం అనుకుంటే మాత్రం ముందు క్యాంపస్ నుంచి పంపి, విచారణ తర్వాత పెడతారు. దీన్నే తాత్కాలిక సస్పెన్షన్ లేదా ఎమర్జెన్సీ రిమూవల్ అంటారు.

ప్రభుత్వ యూనివర్సిటీ అయితే రాజ్యాంగ రక్షణ కూడా ఉంటుంది. 1961లో డిక్సన్ వర్సెస్ అలబామా స్టేట్ బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్ కేసులో ఫెడరల్ అప్పీల్ కోర్టు స్పష్టంగా చెప్పింది. నోటీసు ఇవ్వకుండా, వాదన వినకుండా ప్రభుత్వ కాలేజీ నుంచి విద్యార్థిని గెంటేయడం కుదరదని తేల్చింది. ప్రైవేటు యూనివర్సిటీలకు ఈ రాజ్యాంగ సూత్రం నేరుగా వర్తించదు. అక్కడ స్టూడెంట్ హ్యాండ్‌బుక్‌లో రాసుకున్న మాటే ప్రధాన ఆధారం. అందుకే ఎవరూ చదవని ఆ హ్యాండ్‌బుక్ ఇలాంటి రోజున చాలా విలువైనదవుతుంది.

2007 తర్వాత పెరిగిన భయం

2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్‌లో ఓ విద్యార్థి జరిపిన కాల్పుల్లో 32 మంది చనిపోయారు. తమిళనాడుకు చెందిన ప్రొఫెసర్ జి.వి. లోగనాథన్ కూడా ఆ మృతుల్లో ఉన్నారు. నిందితుడి మానసిక స్థితి గురించి ముందే హెచ్చరికలు ఉన్నా, వాటిని ఒకచోట చేర్చి చూసినవారు లేరన్న విమర్శ బలంగా వచ్చింది. ఆ తర్వాతే అమెరికా అంతటా క్యాంపస్‌లలో థ్రెట్ అసెస్‌మెంట్ టీమ్‌లు పెరిగాయి. వర్జీనియా రాష్ట్రమైతే ప్రభుత్వ కాలేజీలకు వీటిని తప్పనిసరి చేసింది.

అయితే అదే వర్జీనియా 2007లోనే ఇంకో చట్టం కూడా తెచ్చింది. ఆత్మహత్యాయత్నం చేసినందుకో, మానసిక సమస్యకు చికిత్స కోరినందుకో.. కేవలం ఆ ఒక్క కారణంతో విద్యార్థిని శిక్షించకూడదు, బహిష్కరించకూడదని ప్రభుత్వ కాలేజీలకు చెప్పింది. ఎందుకంటే సాయం అడిగితే సీటు పోతుందన్న భయం ఉంటే ఎవరూ సాయం అడగరు. ఈ మొత్తం వివాదానికి మూలం ఇదే.

చట్టం ఎక్కడ అడ్డుపడుతుంది?

డిప్రెషన్, బైపోలార్ లాంటి సమస్యలు కూడా అమెరికాలో వైకల్యం కింద రక్షణ పొందొచ్చు. 1990 నాటి అమెరికన్స్ విత్ డిజెబిలిటీస్ చట్టం, 1973 నాటి రీహాబిలిటేషన్ చట్టంలోని సెక్షన్ 504 ఇందుకు ఆధారం. వైకల్యం ఉందన్న కారణంతో చదువుకు దూరం చేయకూడదన్నది వీటి సారం.

అయితే దీనికో మినహాయింపు ఉంది. అదే ‘డైరెక్ట్ థ్రెట్’. విద్యార్థి వల్ల ప్రత్యక్ష ప్రమాదం ఉందని తేలితే కాలేజీ చర్య తీసుకోవచ్చు. మరి ఎవరికి ప్రమాదం? 2011 మార్చిలో అమల్లోకి వచ్చిన న్యాయశాఖ నిబంధనలు ‘ఇతరుల’ ఆరోగ్యానికి, భద్రతకు ప్రమాదం అనే చెబుతున్నాయి. తనకు తాను హాని చేసుకునే ప్రమాదం గురించి ఆ నిర్వచనంలో లేదు. దాంతో కాలేజీలు ఇరుకునపడ్డాయి. పంపించేస్తే వివక్ష కేసు, ఉంచుకుంటే ఏదైనా జరిగినప్పుడు నిర్లక్ష్యం కేసు.

ఇతరులకు ప్రమాదం అని చెప్పాలన్నా ఊహలు సరిపోవు. ఒక జబ్బు పేరు చూసి అందరికీ ఒకే రూల్ పెట్టకూడదు. ఆ విద్యార్థి పరిస్థితిని విడిగా పరిశీలించాలి. ప్రమాదం ఎలాంటిది, ఎంత తీవ్రం, ఎంతకాలం ఉంటుంది, నిజంగా జరిగే అవకాశం ఎంత.. ఇవన్నీ వైద్యపరమైన ఆధారాలతో చూడాలి. కోర్సులు తగ్గించడం, గది మార్చడం లాంటి సర్దుబాట్లతో ప్రమాదం తగ్గుతుందా అన్నదీ ఆలోచించాలి.

పెద్ద యూనివర్సిటీలే దిగివచ్చాయి

ఈ లెక్కలు తప్పినందుకు పేరున్న సంస్థలే ఇబ్బంది పడ్డాయి.

* జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీ: 2004లో డిప్రెషన్‌తో తనంతట తాను ఆసుపత్రికి వెళ్లిన విద్యార్థిపై క్రమశిక్షణ చర్య మొదలుపెట్టింది. అతడు కోర్టుకెళ్లాడు. 2006లో కేసు రాజీతో ముగిసింది.

* స్టాన్‌ఫర్డ్: ఆసుపత్రి పాలైన విద్యార్థులపై సెలవు తీసుకోవాలని ఒత్తిడి తెచ్చారంటూ 2018లో కేసు పడింది. 2019లో రాజీ కుదిరింది. సర్దుబాట్లు పనికిరాకపోతేనే చివరి మార్గంగా బలవంతపు సెలవు ఇవ్వాలని పాలసీ మార్చుకుంది.

* బ్రౌన్: ఇక్కడ కథ వేరు. సెలవు మీద వెళ్లిన విద్యార్థులు కోలుకున్నారు, చికిత్స చేసిన డాక్టర్లు కూడా ‘చదవగలరు’ అని చెప్పారు. అయినా కాలేజీ తిరిగి రానివ్వలేదని అమెరికా న్యాయశాఖ తేల్చింది. 2021 ఆగస్టులో బ్రౌన్ 6,84,000 డాలర్ల పరిహారానికి ఒప్పుకుని సెటిల్ చేసుకుంది.

* యేల్: 2022 నవంబరులో విద్యార్థులు, పూర్వ విద్యార్థుల బృందం కలిసి కేసు వేశారు. 2023 జనవరిలో యూనివర్సిటీ తన పాలసీ సవరించింది. అప్పటిదాకా విత్‌డ్రాయల్ అన్నదాన్ని లీవ్ ఆఫ్ ఆబ్సెన్స్‌గా మార్చింది. 2023 ఆగస్టులో కుదిరిన ఒప్పందంతో, ఆరోగ్యం బాగాలేనివారు తక్కువ కోర్సులతో చదువు కొనసాగించే వీలు కూడా వచ్చింది.

బయటకు పంపడంలోనే కాదు, తిరిగి రానివ్వడంలోనూ అన్యాయం జరగొచ్చని బ్రౌన్ కేసు చూపించింది. చాలా పాలసీల్లో తిరిగి చేరడానికి డాక్టర్ లెటర్, ఇంటర్వ్యూ, డెడ్‌లైన్ లాంటి షరతులు ఉంటాయి. సెలవు పత్రం మీద సంతకం పెట్టేముందే వాటిని చూసుకోవాలి.

ఎఫ్-1 వీసా ఉన్నవాళ్లకు అసలు పరీక్ష ఇక్కడే

అమెరికా పౌరుడైతే ఇంటికెళ్లి కోలుకుని మళ్లీ వస్తాడు. ఎఫ్-1 విద్యార్థికి అంత సులువు కాదు. ఫుల్ టైమ్ చదువుతుంటేనే స్టేటస్ నిలుస్తుంది. కాలేజీ పేరు తీసేస్తే, ఆ సమాచారం సెవిస్ అనే ప్రభుత్వ వ్యవస్థలోకి వెళ్తుంది. ఈ పని చేసేది కాలేజీలోని ఇంటర్నేషనల్ ఆఫీసు అధికారి. వీరినే డీఎస్‌ఓ అంటారు.

అయితే ఆరోగ్య సమస్య ఉన్నవారికి రూల్స్‌లో ఒక వెసులుబాటు ఉంది. లైసెన్స్ ఉన్న డాక్టర్ లేదా క్లినికల్ సైకాలజిస్ట్ లెటర్ ఇస్తే, కోర్సులు తగ్గించుకోవడానికి డీఎస్‌ఓ అనుమతించొచ్చు. అవసరమైతే ఒక్క క్లాసు కూడా లేకుండా అమెరికాలోనే ఉండి చికిత్స తీసుకోవచ్చు. ఒక డిగ్రీ స్థాయిలో మొత్తం 12 నెలల వరకు ఈ అవకాశం ఉంటుంది. ప్రతి టర్మ్‌కూ మళ్లీ అనుమతి తీసుకోవాలి. ముఖ్యమైన విషయం ఏంటంటే, కోర్సులు వదిలేసే ముందే అనుమతి రావాలి. ముందు వదిలేసి తర్వాత లెటర్ తెస్తామంటే స్టేటస్ పోయే ప్రమాదం ఉంది.

మానసిక ఆరోగ్యానికీ ఇది వర్తిస్తుందని చాలామందికి తెలియదు. వీసా పోతుందేమోనన్న భయంతో డాక్టర్ దగ్గరకే వెళ్లరు. నిజానికి ఆ డాక్టర్ లెటరే వీసాను కాపాడే కాగితం.

కోర్సు మధ్యలో డీఎస్‌ఓ అనుమతితో విత్‌డ్రా అయితే దేశం విడిచి వెళ్లడానికి 15 రోజుల గడువు ఉంటుంది. అనుమతి లేకుండా మానేసినా, క్రమశిక్షణ కింద సస్పెండ్ అయి స్టేటస్ పోయినా ఆ గడువు కూడా ఉండదు. ఇండియాకు వచ్చి 5 నెలలు దాటితే పాత రికార్డు మీద తిరిగి వెళ్లడం సాధారణంగా కుదరదు. కొత్త ఐ-20 తీసుకోవాలి. అందుకే ‘ఆరోగ్య సెలవు’ అని రాశారా, ‘సస్పెన్షన్’ అని రాశారా అన్నది కేవలం మాటల తేడా కాదు.

ఇంట్లోవాళ్లకు కాలేజీ ఫోన్ చేస్తుందా?

చాలామంది తల్లిదండ్రులు చేస్తుందనే అనుకుంటారు. కానీ 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం, కాలేజీలో చేరాక రికార్డులపై హక్కు విద్యార్థిదే. అతడి అనుమతి లేకుండా సాధారణంగా వివరాలు చెప్పరు. ఆరోగ్య, భద్రతా ఎమర్జెన్సీ ఉంటే చెప్పే అధికారం కాలేజీకి ఉంది. అయితే అది అధికారమే తప్ప, తప్పనిసరి బాధ్యత కాదు. కాబట్టి కొడుకో కూతురో ముందే సంతకం చేసి అనుమతి ఇస్తేనే హైదరాబాద్‌లోనో, గుంటూరులోనో ఉన్న తల్లిదండ్రులకు నేరుగా సమాచారం అందుతుంది. చేరిన మొదటి నెలలోనే ఆ ఫారం ఇచ్చేయడం మంచిది.

లెటర్ వస్తే ఏం చేయాలి?

* కంగారులో వెంటనే సంతకం పెట్టొద్దు. ఆలోచించుకోవడానికి టైమ్ అడగాలి.
* ఇది క్రమశిక్షణ చర్యా, ఆరోగ్య సెలవా? ఏ పాలసీ కింద? రాతపూర్వకంగా అడగాలి.
* అదే రోజు డీఎస్‌ఓతో మాట్లాడాలి. సెవిస్‌లో మార్పు చేసేముందు తనకు చెప్పమని కోరాలి.
* డిజెబిలిటీ సర్వీసెస్ ఆఫీసుకు వెళ్లి సర్దుబాట్లు అడగాలి.
* చికిత్స చేస్తున్న డాక్టర్ నుంచి లెటర్ తీసుకోవాలి.
* ఫీజు రీఫండ్, హెల్త్ ఇన్సూరెన్స్, ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఏం పడుతుంది, తిరిగి చేరే షరతులు.. అన్నీ మెయిల్‌లో అడగాలి.
* అప్పీల్ గడువు చూసుకోవాలి. కొన్నిచోట్ల అది కొద్ది రోజులే.
* వివక్ష జరిగిందనిపిస్తే విద్యాశాఖలోని ఆఫీస్ ఫర్ సివిల్ రైట్స్‌కు ఫిర్యాదు చేయొచ్చు. దానికి గడువు 180 రోజులు.

అన్ని సెలవులూ అన్యాయం కాదు

ఒక్కమాట. కొన్నిసార్లు సెలవే సరైన మందు. ఇంటికొచ్చి అమ్మ చేతి అన్నం తిని, నాలుగు నెలలు చికిత్స తీసుకుని మళ్లీ వెళ్లి డిగ్రీ పూర్తి చేసేవాళ్లూ ఉంటారు. అలాగే రూమ్మేట్లను నిజంగా భయపెట్టే ప్రవర్తన ఉంటే, వాళ్ల భద్రత చూడాల్సిన బాధ్యత కూడా కాలేజీదే. సమస్య సెలవులో లేదు. విద్యార్థి మాట వినకుండా, తిరిగొచ్చే దారి చెప్పకుండా పంపేయడంలో ఉంది.

మన దగ్గర కూడా చర్చ మొదలైంది. విశాఖపట్నంలో నీట్‌కు ప్రిపేరవుతూ చనిపోయిన విద్యార్థిని కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు విద్యాసంస్థలన్నింటికీ మానసిక ఆరోగ్యంపై 15 మార్గదర్శకాలు ఇచ్చింది.

ఇక విదేశాల్లో పిల్లలున్న తల్లిదండ్రులు ఫోన్‌లో మార్కులతో పాటు ‘నిద్ర పడుతోందా, తింటున్నావా’ అని కూడా అడగండి. ‘సెలవు పెట్టాల్సి వస్తే పెట్టు, మేం చూసుకుంటాం’ అన్న ఒక్క మాట ముందే చెప్పి ఉంచండి. కాలేజీ లెటర్ వచ్చిన రోజున పిల్లలు దాచకుండా మొదటి ఫోన్ ఇంటికే చేస్తారు.

(మీకు గానీ, మీకు తెలిసినవారికి గానీ ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు వస్తుంటే ఆలస్యం చేయొద్దు. అమెరికాలో 988కి, ఇండియాలో టెలీ మానస్ 14416కి ఎప్పుడైనా కాల్ చేయొచ్చు. టెలీ మానస్‌లో తెలుగులోనూ మాట్లాడొచ్చు.)