శివరాత్రి: నాలుగు జాముల వ్రతం

తెలుగువారి పండుగలలో చాలావాటికి తలంటు, కొత్త బట్టలు, పిండివంటలు ముఖ్యం కాగా, మాఘ బహుళ చతుర్దశి నాడు వచ్చే మహాశివరాత్రికి ఉపవాసం, అభిషేకం, జాగరణ అనే మూడే ముఖ్యాంగాలు. ప్రతి నెలా కృష్ణపక్షంలో వచ్చే చతుర్దశి మాసశివరాత్రి అనిపించుకుంటుంది. వాటిలో మాఘమాసపు చతుర్దశికి మహాశివరాత్రి అని పేరు. ఉత్తరాదివారు పూర్ణిమతో నెల ముగిసే లెక్కను పాటిస్తారు కనుక అదే రోజును ఫాల్గుణమాసంలో చెప్పుకొంటారు గాని, పండుగ రోజు మారదు.

పండుగ ఏ రోజున జరుపుకోవాలన్నది సూర్యోదయపు తిథిని బట్టి గాక అర్ధరాత్రి తిథిని బట్టి నిర్ణయించడం ఈ వ్రతంలోని విశేషం. రాత్రి కాలాన్ని పదిహేను ముహూర్తాలుగా విభజిస్తే సరిగ్గా నడుమ వచ్చే ఎనిమిదవ ముహూర్తాన్ని నిశీథం అంటారు. అది సుమారు 48 నిమిషాల కాలం. ఆ సమయానికి చతుర్దశి ఉన్న రోజే శివరాత్రి కాబట్టి, తెల్లవారేటప్పటికి పంచాంగంలో త్రయోదశి కనబడినా కంగారు పడనక్కరలేదు.

నిశీథానికి ఇంత ప్రాధాన్యం రావడానికి, శివుడు ఆ వేళనే లింగరూపంలో వెలశాడనే లింగోద్భవ గాథ కారణం. బ్రహ్మవిష్ణువులు తమలో ఎవరు గొప్ప అని కలహించుకొంటుండగా వారి నడుమ మొదలు తుది లేని అగ్నిస్తంభం వెలసిందనీ, విష్ణువు వరాహరూపంలో అడుగు వెదకుతూ కిందికి, బ్రహ్మ హంసరూపంలో కొస వెదకుతూ పైకి పోయారనీ, విష్ణువు తన ఓటమిని ఒప్పుకోగా బ్రహ్మ మొగలిపువ్వు చేత అబద్ధపు సాక్ష్యం చెప్పించాడనీ శివపురాణం చెబుతుంది. శివపూజకు మొగలిపువ్వు పనికిరాదనే ఆచారానికి ఆ అబద్ధమే మూలం. తమిళనాడులో చోళుల కాలపు శివాలయాలలో గర్భగుడి పడమటి గోడ గూటిలో ఈ ఘట్టాన్ని శిల్పులు మలిచారు: స్తంభం మధ్య శివుడు, అడుగున వరాహం, పైన హంస, కనబడకుండా రాతిలో కలిసిపోయిన శివుని పాదాలు, శిరస్సు పైభాగం.

రాత్రిని మూడేసి గంటల నాలుగు జాములుగా లెక్కించి, జాముకొక అభిషేకం చేయడం శాస్త్రోక్త విధానం. మొదటి జామున పాలు, రెండవ జామున పెరుగు, మూడవ జామున నెయ్యి, నాల్గవ జామున తేనె వాడతారు. అభిషేకవేళ చదివే నమకచమకాలు కృష్ణయజుర్వేదంలోని తైత్తిరీయ సంహితకు చెందినవి. రెండింటిలోనూ పదకొండేసి అనువాకాలు, అంటే విభాగాలు, ఉంటాయి. ఆలయాలలో ఇంత విస్తారంగా జరిగే క్రియను ఇంట్లో చెంబెడు నీళ్లతో, మూడు రేకుల మారేడు దళాలతో ముగించినా లోపం లేదు.

అలా అనడానికి ఆధారం వ్రతకథలలోనే ఉంది. శివపురాణంలోని వేటగాడు ఆకలితో మారేడు చెట్టెక్కి జింకల కోసం కాచుకొని, విల్లెక్కుపెట్టిన ప్రతిసారీ తెలియకుండానే కింది లింగంపై నీళ్లూ ఆకులూ రాల్చాడు. మాటిచ్చి పోయిన జింకలు మాట తప్పక తిరిగి రావడంతో మనసు కరిగి వాటిని విడిచిపెట్టాడు. తరువాత శివుని వరం వల్ల రాముని చెలికాడైన గుహుడయ్యాడు. శ్రీనాథుడు కాశీఖండంలో తెనిగించిన గుణనిధి కథలోనూ నాయకుడు భక్తుడేమీ కాడు, గుడిలో ప్రసాదం దొంగిలించడానికి చొరబడిన దుర్వ్యసనపరుడు. వెలుతురు కోసం దీపపు వత్తిని ఎగదోసిన పుణ్యమే అతనికి కుబేరపదవి తెచ్చిపెట్టింది. తెలియక చేసినవారికే ఇంత ఫలం చెప్పిన సంప్రదాయం పేరుతో, పూజలో చిన్న పొరపాటు జరిగితే కీడు తప్పదని భయపెట్టడం సమంజసం కాదు.

తెలుగునాట ఈ రాత్రికి తలమానికం శ్రీశైలం. వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా నల్లమల అడవిలో కాలినడకన వేలాది భక్తులు కొండకు చేరుతారు. లింగోద్భవ వేళకు అక్కడి స్వామి మల్లన్నకు రుద్రాభిషేకం జరుగుతుండగా, బయట ఆలయ దీపాలన్నీ ఆర్పివేసి పాగాలంకరణ చేస్తారు. చీరాల ప్రాంతపు నేత కుటుంబం రోజుకొక మూర చొప్పున ఏడాది పొడవునా 365 మూరలు నేసిన పాగాను, ఆ కుటుంబపు వ్యక్తి చీకట్లో దిగంబరంగా గర్భగుడి మీది శిఖరమైన విమానం పైనుంచి ముఖమండపం మీది నందులకు కలిపి చుడతాడు. పెళ్లికొడుకుకు తలపాగా చుట్టినట్లు మల్లన్నకు పాగా చుట్టాక గాని కల్యాణం జరగదు. పీఠాధిపతులూ రాజులూ ఎందరున్నా, శివుణ్ణి పెళ్లికొడుకును చేసే హక్కు ఒక చేనేత ఇంటికి దక్కడం ఈ క్షేత్రాచారాలలో అన్నింటికంటె అందమైనది.

నరసరావుపేట దగ్గరి కోటప్పకొండది మరో ధోరణి. అక్కడ చుట్టుపక్కల ఊళ్లవారు పోటీపడి కట్టిన ప్రభలు, అంటే ఎత్తైన అలంకృత చట్రాలు, విద్యుద్దీపాలతో రాత్రిని పగలు చేస్తాయి. పట్టణాలలో సినిమాలు చూస్తూ తెల్లవార్లూ మేలుకొనేవారూ ఉన్నారు. గుణనిధిని ఆదుకొన్న దేవుడు వారినీ కాదనకపోవచ్చు గాని, నాలుగు జాములలో ఒక్క నిశీథవేళనైనా శివస్మరణకు కేటాయించకపోతే అది ఉత్త నిద్రలేమి మాత్రమే అవుతుంది. ఉపవాసం విషయంలో మాత్రం వృద్ధులు, రోగులు, గర్భిణులు పాలు, పండ్లు తీసుకోవచ్చు. మిగిలినవారు మరునాడు ఉదయం స్నానం, పూజ ముగించుకొని పారణ చేస్తారు, అంటే భోజనంతో వ్రతాన్ని ముగిస్తారు.