తనలో తానే కరిగే పూత

హైదరాబాద్ పక్కన మొయినాబాద్‌లోనైనా మరెక్కడైనా, వానాకాలంలో పాలిష్ మేస్త్రీ ఆకాశం చూసిగాని స్ప్రే గన్ పట్టడు. గాలిలో తేమ ఎక్కువైతే, ఎన్‌సీ లాకర్ కొట్టిన కాసేపటికే చెక్క మీద మీగడ కట్టినట్టు తెల్లగా తేలుతుంది. థిన్నర్ చకచకా ఆవిరవుతూ పూతను చల్లబరుస్తుంది. గాలిలోని తేమ ఆ చల్లదనానికి నీరై పూతలో ఇరుక్కుంటుంది. బీరువాలకూ తలుపులకూ కొట్టే ఈ నైట్రోసెల్యులోజ్ లాకర్ జాతిదే గిబ్సన్, మార్టిన్ గిటార్ల మీది మెరుపు కూడా.

అంతకుముందు చెక్కకు మెరుపిచ్చింది లక్క పురుగు. మోదుగ, రేగు కొమ్మల మీద బతుకుతూ అది తన చుట్టూ కట్టుకునే గూడే లక్క. వేడి తగిలితే మెత్తబడుతుంది, స్పిరిట్‌లో వేస్తే కరుగుతుంది.

వేడికి మెత్తబడే గుణాన్ని పూర్తిగా వాడుకున్నది ఏటికొప్పాక. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డునున్న ఈ ఊళ్లో, లేత్ మీద గిర్రున తిరిగే అంకుడు కర్రకు రంగు లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికే లక్క మెత్తబడి కర్రను అంటుకుంటుంది. పైన మొగలి ఆకు ఒత్తిపడితే సమంగా పరుచుకుని నిగనిగలాడుతుంది. థిన్నర్ చుక్క అక్కర్లేదు. పూతల చరిత్రలో ఇంత తెలివైన పని నాకు మరొకటి కనిపించలేదు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల రంగులకు మళ్లీ ప్రాణం పోసిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది.

గిటార్‌ను అలా తిప్పలేం. బల్లపరుపు ముఖం, నడుము దగ్గర వంపు, పలచని చెక్క. అందుకే గిటార్ చేసేవాళ్లు స్పిరిట్‌లో కరిగే గుణాన్ని పట్టుకున్నారు. కరిగించిన లక్కను గుడ్డ ఉండతో పొర మీద పొరగా రుద్దారు. అదే ఫ్రెంచ్ పాలిష్. మేలైన క్లాసికల్ గిటార్లకు నేటికీ ఇదే వేస్తారు. అందం గొప్పదే గాని చెమటకు, వేడికి ఓర్చుకోదు. పని రోజుల తరబడి సాగుతుంది.

1846లో రసాయన శాస్త్రవేత్త షోన్‌బీన్ దూదిని నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాలతో కలిపి పేలుడు దూది, అంటే నైట్రోసెల్యులోజ్, చేశాడు. నైట్రోజన్ పాళ్లు తగ్గిస్తే ఆ పదార్థమే ద్రావకంలో కరిగి పూతకు పనికొస్తుంది. 1920లలో డ్యూపాంట్ దాన్ని ‘డ్యూకో’ పేరుతో కార్లకు తెచ్చింది. వారాలు పట్టే రంగు పని రోజుల్లో ముగిసింది. ఆ దశాబ్దంలోనే గిటార్ కంపెనీలూ అందిపుచ్చుకున్నాయి.

ఈ లాకర్ ఆరడమంటే ద్రావకం ఎగిరిపోవడమే. కొత్త పూత కింది పూతను కాస్త కరిగించి అందులో కలిసిపోతుంది. 30 ఏళ్ల గిటార్‌కు గీత పడినా, ఆ చోట లాకర్ వేసి రుద్దితే అతుకు దాదాపు కనిపించదు. పాలియెస్టర్, పాలీయురెథేన్ (పీయూ) పూతలు ఒకసారి గట్టిపడ్డాక మళ్లీ కరగవు, అతుకు గీత మిగులుతుంది. నైట్రోతోనే గిటార్ బాగా పలుకుతుందని చాలామంది నమ్ముతారు. అకూస్టిక్ గిటార్ ముఖం మీద మందపు పూత కంపనాన్ని అణిచేస్తుందన్నది నిజమే. అయితే అక్కడ మేలు చేసేది పూత పలుచదనం, నైట్రో అన్న పేరు కాదు.

తయారీలో మాత్రం ఈ కరిగే గుణమే కష్టం. పలచటి పూతలు ఎన్నో కొట్టాలి, మధ్యలో ఎమరీ పేపర్ పట్టాలి, ద్రావకం పూర్తిగా పోయేదాకా రోజులు, వారాలు ఆగాలి. తొందరపడి పాలిష్ పడితే పూత తర్వాత కుంగుతుంది. థిన్నర్ ఆవిరి అంటుకోవడానికి నిప్పురవ్వ చాలు. 1968 ప్రాంతంలో ఫెండర్ గిటార్ కంపెనీ పాలియెస్టర్ వైపు మళ్లింది.

స్ప్రే బూత్‌లోని మామూలు ఫిల్టర్ తుంపరను ఆపుతుంది గాని ఆవిరిని ఆపలేదు. మొయినాబాద్, చేవెళ్ల వైపు ఇది చిన్న విషయం కాదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల కోసం 1996లో వచ్చిన జీవో 111, ఈ వైపు 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు రాకుండా అడ్డుకట్ట వేసింది. 2022లో జీవో 69 ఆ ఆంక్షలను సడలించింది. అయినా ఇక్కడ ఎవరైనా గిటార్ల వర్క్‌షాప్ పెడితే స్పిరిట్ లక్కతోనే మొదలుపెట్టమంటాను. స్పిరిట్ కూడా అంటుకునేదే, గదిలో గాలి ఆడాల్సిందే. కానీ గుడ్డతో రుద్దే పనిలో గాలిలో కలిసేది స్ప్రే పనికన్నా చాలా తక్కువ. పైగా కింది పూతను కరిగించుకుని కలిసిపోయే గుణం లక్కకూ ఉంది.