పటాన్‌చెరు: పగలు లేని ఘాటు వాసన రాత్రయితే ఎందుకు? అసలు కారణం ఇదే!

పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, అమీన్‌పూర్... ఈ ఇండస్ట్రియల్ బెల్ట్‌లో ఏళ్లుగా వినిపిస్తున్న ఫిర్యాదు ఒకటుంది. పగలు పెద్దగా తెలియని ఘాటు వాసన రాత్రయితే గుప్పుమంటుంది. చలికాలంలో మరీ ఎక్కువ. ఎవరూ చూడరని రాత్రిపూటే వదులుతున్నారన్నది స్థానికుల ఆరోపణ. అది తనిఖీల్లో తేలాల్సిన విషయం. అయితే పగలూ రాత్రీ ఒకే మోతాదులో వదిలినా రాత్రే వాసన ఎక్కువగా తగులుతుంది. ఎందుకంటే..

ఎసరులో జరిగేదే సూర్యుడిపైనా..

పొయ్యి మీద ఎసరు చూడండి. అడుగున వేడెక్కిన నీళ్లు తేలికై పైకి వస్తాయి. పైనున్న చల్లనీళ్లు కిందికి దిగుతాయి. స్కూల్ పుస్తకాల్లో దీన్నే ఉష్ణ సంవహనం అంటారు. దాదాపు 5,500 డిగ్రీల వేడి ఉండే సూర్యుడి ఉపరితలంపైనా ఇదే జరుగుతుంది. టెలిస్కోప్‌లో అది గింజలు పరిచినట్టు కనిపిస్తుంది. ఒక్కో గింజ వెడల్పు సుమారు 1,000 కిలోమీటర్లు. అంటే హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ వెళ్లి తిరిగొచ్చినంత! గింజ మధ్యలో వేడి వాయువు పైకి పొంగి, చల్లబడి అంచుల దగ్గర కిందికి జారుతుంది.

రాత్రయితే గాలికి మూత

మన దగ్గర పగలు ఎండకు నేల కాగుతుంది. నేలను తాకిన గాలి వేడెక్కి పైకి లేస్తుంది. మధ్యాహ్నానికి ఈ కలియబెట్టుడు కిలోమీటరుకు పైగా ఎత్తుకు చేరుతుంది. చిమ్నీ పొగ అంత గాలిలో కలిసి పలచబడిపోతుంది.

రాత్రి సీన్ రివర్స్. మబ్బుల్లేని చలిరాత్రుల్లో నేల త్వరగా చల్లారుతుంది. కింద చల్లగాలి, పైన వెచ్చటి గాలి. బరువైన చల్లగాలి పైకి లేవదు. దీన్నే టెంపరేచర్ ఇన్వర్షన్ అంటారు. గిన్నెకు మూత పెట్టినట్టే. కింద వదిలిన వాయువులు ఇళ్ల మధ్యే తిరుగుతాయి. పొడవాటి చిమ్నీల పొగ పైనే పొరలా నిలిచి, పొద్దెక్కి గాలి కదలగానే ఒక్కసారిగా కిందికి దిగొచ్చు. ఉదయం పూట కాసేపు వాసన ముదరడానికి ఇదీ ఓ కారణం.

వైజాగ్ నేర్పిన పాఠం

పైన వేడి, కింద చల్లన ఉంటే ట్యాంకులోనూ కదలిక ఆగిపోతుంది. 2020 మే 7న విశాఖ ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచింది అడుగునే. పైపొర వేడెక్కిన సంగతి బయటపడలేదని విచారణ కమిటీ తేల్చింది. రసాయనాల ట్యాంకులున్న ప్రతి ఫ్యాక్టరీకీ ఇది హెచ్చరికే.

ఏం చేయాలి?

పటాన్‌చెరు-బొల్లారం 2009లోనే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాకెక్కింది. ఇలాంటి చోట 24 గంటల సగటు చూస్తే సరిపోదు. రాత్రి రెండు మూడు గంటల ఘాటు ఆ సగటులో కలిసిపోతుంది. గాలి పరీక్షలు అర్ధరాత్రి, తెల్లవారుజామున కూడా జరగాలి. పీసీబీకి ఫిర్యాదు చేసేవాళ్లు వాసన వచ్చిన టైమ్, చోటు, గాలి ఎటు నుంచి వీచిందో కచ్చితంగా రాస్తే మూలం పట్టుకోవడం తేలికవుతుంది.